వదులు అనేదాకా

ఆ పాత చిన్న కారే అన్నను మింగిందని వీధంతా అనుకుంది. చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. "మింగడానికి దానికేమన్నా నోరుందా? బ్రేకు ఆయిల్ వెళ్లే హోస్ పైపు పగిలింది, బ్రేకు పడలేదు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. పాతసామాన్లకు అమ్మేద్దామని వదిన ఏడ్చింది.

"అన్న పోయిన దిగుడు రోడ్డు మీదే దీన్ని ఆపి చూపిస్తా, వదినా. ఆ తర్వాత నీ ఇష్టం."

అన్నాచెల్లెళ్లిద్దరూ మెకానిక్ పని నేర్చుకున్నది ఇంటి ముందరి రేకుల షెడ్డులోనే. వాన కురుస్తున్న సాయంత్రం చెల్లెలు అక్కడే కారు చక్రాలు ఊడదీసి పాత పైపుల్ని వంచి చూసింది. పైకి నిగనిగలాడుతున్నవి, వంచగానే పగిలిన మడమల్లా నెర్రెలిచ్చాయి. అన్నీ పీకేసి కొత్తవి బిగించింది.

ఇక పైపుల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి, ఒకరు చక్రం దగ్గర గాలినీ ఆయిల్‌నీ బయటికి వదిలే నిపుల్ తిప్పాలి. "వదులు" అని వినపడేదాకా కాలు తీయకూడదు. అన్న నేర్పిన పద్ధతి అది.

వదిన సణుగుతూనే సీట్లో కూర్చుంది.

"తొక్కు!"

"తొక్కా."

"పట్టుకో!"

"పట్టుకున్నా."

"వదులు!"

మూడు చక్రాలు అలా అయ్యాయి. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. రేకుల మీద వాన హోరు. ఆయిల్ ఘాటు. టార్చి వెలుగులో పానా పట్టుకుని మళ్లీ కేకేసింది.

"తొక్కు!"

"తొక్కా..." గొంతు బొంగురుగా ఉంది.

"పట్టుకో!"

"పట్టుకున్నా..."

నిపుల్ తిప్పింది. పోసింది కొత్త ఆయిలే. కానీ నల్లగా వచ్చింది...

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" ఇంటి గుమ్మంలోంచి దీపంతో వదిన. "దీపం తెస్తానని చెప్పే వెళ్లాగా!"

వెళ్లేటప్పుడు వదిన చెప్పిన ఆ మాట వాన హోరులో వినపడనేలేదు. చెల్లెలు లేచి లోపలికి చూసింది. సీటు ఖాళీ. పెడల్ అడుగంటా దిగి ఉంది.

ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఎవరైతే నాకేం? సాయానికొచ్చినవాళ్లు సగంలో పోకూడదు. నా పని ఆగదు!" నిపుల్ బిగించి అరిచింది. "వదులు!"

పెడల్ మెల్లగా పైకొచ్చింది.

ఆయిల్ తేటగా వచ్చేదాకా వదిలిపెట్టలేదు. వదిన గుమ్మం దాటి రాలేదు.

తెల్లారాక ఒక్కతే దిగుడు రోడ్డుకు నడిపింది. సరిగ్గా అన్న పోయిన మలుపులో బ్రేకు తొక్కింది. కారు కట్టేసినట్టు ఆగింది. "చూశావా, అన్నా! తప్పు నీదీ కాదు, కారుదీ కాదు!" ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కాలు తీయబోయింది.

"పట్టుకో..."

నాలుగో చక్రం కిందినుంచి... రాత్రి విన్న అదే బొంగురు గొంతు. పానా కిర్రుమన్న చప్పుడు. కాలి కింద పెడల్ మెత్తగా దిగుతోంది...

చెల్లెలు చేతిబ్రేకు బిగబట్టి లాగింది. పళ్లు బిగించి పెడల్‌ను ఇంకా గట్టిగా తొక్కింది.

"పట్టుకున్నా!" అని అరిచింది.

పెడల్ అడుగంటినా కాలు తీయలేదు. "వదులు" అన్న మాట మాత్రం ఇంకా వినపడలేదు.