బ్లాక్‌బెర్రీకి క్రాపు

“ముళ్ళు లేవు సరే, పళ్ళు కూడా లేవేంటండీ?”

నర్సరీ కౌంటర్ మీద ఎండిన కొమ్మ పెట్టి అడిగాను. రెండేళ్ల కిందట నాకు ముళ్ళులేని బ్లాక్‌బెర్రీ మొక్క అమ్మిన అమ్మాయే ఎదురుగా ఉంది. గట్టిగా పోట్లాడదామని వచ్చాను. ఆమెను చూడగానే సగం కోపం ఎటో పోయింది.

ఆమె కొమ్మను తిప్పి చూసింది. “కోత ఇంత నున్నగా ఉందేంటి? మీరేం చేస్తుంటారు?”

“హెయిర్ సెలూన్.”

“సాయంత్రం వచ్చి మొక్కని చూస్తాను.”

వచ్చింది. పెరటి గోడవారన ఉన్న నా మొక్కను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

“సైడ్స్ షార్ట్, పైన వాల్యూమ్! మొక్కకి క్రాపు చేశారా?”

“ఎగుడుదిగుడుగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదండీ.”

“ఈ ఏడు పుట్టిన కొమ్మకే వచ్చే ఏడు పళ్ళు కాస్తాయి. మీరేమో కొత్తవన్నీ కత్తిరించేస్తున్నారు. ఇంకెక్కడి పళ్ళు?”

“వీడు దువ్వెన పట్టుకుని పెరట్లోకి వెళ్తున్నప్పుడే అనుకున్నానమ్మా!” అంది మా అమ్మ.

మొదలు నుంచి కొత్తగా లేస్తున్న తొమ్మిది కొమ్మలకు ఆమె ఎర్ర రిబ్బన్లు కట్టింది. “ఏడాదిపాటు వీటి జోలికి వెళ్లొద్దు.”

వెళ్లిపోతుందేమోనన్న గాభరాలో నోరు జారాను. “మీ జడ చివర్లు చీలాయండీ. ఫ్రీగా ట్రిమ్ చేస్తాను.”

ఆమె జడను వీపు వెనక దాచేసుకుంది. “ముందు మొక్కని బతకనివ్వండి. పళ్ళు కాశాక చూద్దాం.”

అంతే, నా ప్రేమ ఆ తొమ్మిది రిబ్బన్ల మీద ఆధారపడింది. ఒక్క కొమ్మ తెగినా ఆమె మళ్ళీ నా ముఖం చూడదు. వానలకు కొమ్మలు జులపాల్లా పెరిగాయి. నా చేతులు దురద పెట్టాయి. అమ్మ ఇంట్లో కత్తెరలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

పదిహేను రోజులకోసారి ఆమె రిబ్బన్లు చూసుకోవడానికి వచ్చేది. మొదట్లో నిమిషం పట్టేది. తర్వాత్తర్వాత గంటన్నర.

ఎండలు ముదిరాక పళ్ళు వచ్చాయి. ఎర్రటిది కోయబోతే నా చేతి మీద ఒక్కటేసింది.

“బాగా నల్లబడాలి. ముట్టుకుంటే చేతిలోకి రావాలి.” అలాంటిదే ఒకటి కోసి తింది. “తియ్యగా ఉంది!”

ఊదారంగు అంటిన ఆ పెదవులు చూస్తూ నేను పండు తినడమే మరిచిపోయాను.

“ఇప్పుడు కాసిన కొమ్మలు మొదలంటా కొట్టెయ్యాలి, కొత్తవి ఉంచాలి. గుర్తుంటుందా?”

“ఉండదండీ. ఏటా మీరే వచ్చి చెప్పాలి.”

“ఏటా రావడం నా వల్ల కాదు.”

నా ప్రాణం ఉసూరుమంది.

“ఇక్కడే ఉండిపోతే ఆ తిప్పలే ఉండవుగా?” అంటూ స్టూలు మీద కూర్చుని జడ విప్పింది. “అంగుళమే. నమ్ముతున్నాను.”

అమ్మ చేత బీరువా తాళం తీయించి కత్తెర తెచ్చాను.

వంటింటి కిటికీలోంచి అమ్మ కేక పెట్టింది. “ఒరేయ్, అంగుళం దాటితే నేను కోడలి వైపే!”

ఆమె ఫక్కున నవ్వింది. తల కదిలింది. అంగుళమున్నర తెగింది.

అయినా ఆమె స్టూలు మీంచి లేవలేదు.