కొత్తవాళ్లంటే మక్కువ

పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు ఉద్యోగమంటే సగం అబద్ధాలు చెప్పడమే. లోపల మర గుయ్యిమంటూ ఉంటుంది. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముఖాలు పాలిపోతూ ఉంటాయి. ఆమె మాత్రం చిరునవ్వు చెదరనివ్వకుండా "ఏం నొప్పుండదండీ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటుంది. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ ఆ మాట ఆమె నాలుక మీదే కాపురం పెట్టింది. క్లినిక్కుకొచ్చే పిల్లలు ఆమెకి 'నొప్పుండదు ఆంటీ' అని పేరు పెట్టేశారు. ఆ పేరు విని ఆమె కూడా నవ్వుకునేది.

అందుకే సముద్రం ఒడ్డున తాము ఖాళీ చేస్తున్న ఇల్లు చూడటానికొచ్చిన అమ్మాయి, "అక్కా, ఇక్కడికి మారేముందు మేం తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే ఆమె తడుముకోలేదు.

"ఎందుకు లేవమ్మా, బోలెడున్నాయి. ఇనుప సామాను తేకు, ఉప్పుగాలికి పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. బట్టలు ఆరాయి కదా అని మడతపెట్టి బీరువాలో పెట్టావంటే బూజే. అగ్గిపెట్టె డబ్బాలో పెట్టి మూత బిగించుకో. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు కిటికీలు తెరిస్తే మంచం నిండా ఇసుకే. ఏసీ పాడైతే మా ఆయనకి ఫోన్ చెయ్యి. ఈ గాలి పుణ్యమా అని ఆయనకి చేతినిండా పని."

"దొంగల భయం ఉందా అక్కా?"

"దొంగలా? వాళ్లకి కూడా ఈ గాలి పడదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ అమ్మాయి నవ్వితే ముఖమంతా నవ్వుతుంది. అడగదలుచుకున్నవన్నీ అడిగింది, ఆమె అన్నిటికీ నిజమే చెప్పింది. ఒక్కటి తప్ప.

చెప్పకుండా మింగేసిన ఆ ఒక్కటీ పెరటి గుమ్మం పక్కనే ఉంది. మోకాలెత్తున ఒక కుళాయి. బీచికి వెళ్లొచ్చినవాళ్లు కాళ్లకంటిన ఇసుక కడుక్కోవడానికి ఎవరో ఎప్పుడో వేయించారు. సముద్రం పోటెత్తిన కొన్ని సాయంత్రాలు ఆ కుళాయి తనంతట తనే తిరుగుతుంది. ఎవరో తీరిగ్గా కాళ్లు కడుక్కుంటున్న చప్పుడవుతుంది. తర్వాత తడి అడుగులు గుమ్మం దాటి లోపలికొస్తాయి. అడుగులే, మనిషి ఉండదు. ఇంట్లో అందరికన్నా ఆఖరున వచ్చి చేరింది ఎవరో, సరిగ్గా వాళ్ల పక్క దగ్గరికి వెళ్లి ఆగుతాయి. కొత్తవాళ్లంటే దానికి అంత మక్కువ.

సామానుతో ముందు దిగింది ఆమె భర్త. వెనకొచ్చింది ఆమె. అందుకని మొదట్లో ఆ తడి ఆమె మంచం పక్కనే ఉండేది. ఇంటికప్పు కారుతోందనుకుని సరిపెట్టుకున్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ ఆమె తమ్ముడొచ్చి చేరాక అది వాడి పక్కకి మారింది. స్నానం చేసి తుడుచుకోకుండా తిరుగుతున్నావురా అని వాణ్ణి ఆటపట్టించారు కూడా. ఒక తెల్లవారుజామున చేపలవాళ్లు వాణ్ణి మెడలోతు నీళ్లలోంచి ఈడ్చుకొచ్చారు. నిద్రలోనే నడుచుకుంటూ వెళ్లిపోయాడట. ఒడ్డున పడేశాక కూడా కళ్లు తెరవలేదు, కాళ్లు ఇంకా నడుస్తున్నట్టే ఆడిస్తున్నాడట. ఆ రోజే వాణ్ణి బస్సెక్కించింది. తడి మళ్లీ ఆమె పక్కకొచ్చింది. పోయిన నెల ఆమెకి తెలివొచ్చేసరికి నడుములోతు నీళ్లలో ఉంది, భర్త జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు.

గడువు కాకుండా ఖాళీ చెయ్యాలంటే ఇంకొకరిని చూపించి వెళ్లమన్నాడు ఇంటి ఓనరు. చూపించింది. పెద్దవాళ్లే కదా, వాళ్ల జాగ్రత్త వాళ్లు చూసుకుంటారులే అని మనసుకి సర్దిచెప్పుకుంది. తాళాలు అందిస్తూ ఊరికే మాటవరసకి అడిగింది.

"ఉండేది మీ ఇద్దరేగా?"

"ముగ్గురం అక్కా. పాప మా అమ్మ దగ్గరుంది. ఇవాళ మేం సామాను సర్దుకుని, రేపు మధ్యాహ్నం తీసుకొచ్చేస్తాం. ఇప్పుడిప్పుడే పాకుతోంది."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఆ అమ్మాయి కళ్లెత్తి చూస్తూనే ఉంది, వింటానికి సిద్ధంగానే ఉంది. కానీ నాలుక మీద కాపురమున్న మాటే బయటికొచ్చింది.

"ఏం భయం లేదమ్మా, హాయిగా ఉండండి."

ఊరి మధ్యలో తీసుకున్న కొత్త ఫ్లాటులో ఆ రాత్రి ఆమెకి కునుకు పట్టలేదు. "మనం దిగినప్పుడు మనకెవరైనా చెప్పారా?" అన్నాడు భర్త, గోడవైపు తిరిగి. ఆయనకీ నిద్ర లేదని గొంతే చెబుతోంది. మర్నాడు క్లినిక్కులో ఒక పిల్లాడు చెంప పట్టుకుని "నొప్పుంటుందా ఆంటీ?" అని అడిగాడు. ఆమెకి నోరు పెగల్లేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. సాయంత్రమవుతుంటే తలనొప్పని చెప్పి బస్సెక్కింది.

గేటు దాటకూడదనుకుంది. బయటే నిలబడి చెప్పేసి వెనక్కి తిరిగిపోవాలి, అంతే.

ఆమె దిగేసరికి వెలుతురు పల్చబడింది. వీధంతా కరెంటు లేదు. కుళ్లిన నాచు వాసన ముక్కుపుటాలకి అతుక్కుంది. ఇళ్ల వెనక సముద్రం ఎక్కడో లేదు, పక్క వీధిలోనే ఉన్నట్టు వినిపిస్తోంది. పిలవగానే ఆ అమ్మాయి ఫోన్ వెలుగు పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది.

"అక్కా, మీరా? రండి లోపలికి."

"వద్దులే. మీ ఆయన?"

"నైట్ డ్యూటీ."

"పాప?"

"ఇప్పుడే నిద్రపోయింది. లోపల ఉయ్యాల్లో ఉంది."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. కుళాయి, అడుగులు, ఆఖరున వచ్చినవాళ్ల పక్క, సముద్రం. అంతా చెప్పి, చివర్లో ఇంకో అబద్ధం కలిపింది. "నాకూ ఇవాళే తెలిసిందమ్మా. ఇదివరకు ఇక్కడున్నవాళ్లు ఎవరో కనబడి చెప్పారు. వెంటనే పరిగెత్తుకొచ్చాను."

ఆ అమ్మాయి ఆమె ముఖంలోకి అదోలా చూసింది.

అప్పుడు వినబడింది.

పెరట్లో కుళాయి తిరిగింది... నీళ్లు సన్నగా మొదలై ధార కట్టాయి... ఒక కాలు... ఆగి, రెండో కాలు... వేళ్ల సందుల్లో ఇసుకని వేలితో తోముతున్నట్టు మెత్తటి చప్పుడు.

"పాప..." అంది ఆ అమ్మాయి. కానీ కాళ్లు కదల్లేదు.

కుళాయి ఆగింది.

ఆమెకి ఒక్కటే తోచింది. ఇప్పుడు తను లోపల అడుగుపెడితే ఆ ఇంటికి అందరికన్నా ఆఖరున వచ్చింది తనే అవుతుంది. అది తన పక్కనే ఆగుతుంది. ఒళ్లంతా వద్దంటోంది. నడుములోతు నీళ్ల చల్లదనం ఇంకా ఎముకల్లోనే ఉంది. కానీ నిన్న గాల్లో ఆగిన చెయ్యి, ఆ చేతిలోని తాళాలు కళ్లముందు మెదిలాయి. చేసింది నేను, అనుభవించాల్సింది పాకే పిల్లా? ఆ అమ్మాయి చేతిలోంచి ఫోన్ లాక్కుని గేటు తోసుకుని లోపలికి వెళ్లింది.

ఉయ్యాల పడగ్గదిలో ఉంది. ఆమె వంటింటికీ పడగ్గదికీ మధ్య నిలబడి వెలుగు నేలమీద వేసింది.

ఒక తడి అడుగు. గుమ్మం ఇవతల.

ఇంకొకటి...

ఇంకొకటి. చిన్న పాదం, మడమ దగ్గర సన్నం. కడిగిన కాళ్లు కదా, ఇసుక రేణువైనా లేదు. గచ్చు మీద నీళ్లు మాత్రమే.

"ఇటు రా," అంది గొణుగుతూ. "నేనే... నేనే ఆఖరున వచ్చింది..."

అడుగులు ఆమె ముందుకొచ్చి ఆగాయి. ఆమె వేళ్లకి ఎదురుగా ఆ వేళ్లు. ముఖం మీదికి చల్లటి గాలి వీచింది, ఎవరో దగ్గరగా వంగి చూసినట్టు. ఆమె కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి... తదుపరి అడుగు ఆమెకి పక్కనుంది. ఆ తర్వాతిది వెనక.

అది ఆమెని చుట్టి వెళ్లిపోయింది. దానికి ఆమె కొత్త కాదు. ఎన్నాళ్లో పక్కన నిలబడి చూసిన మనిషే. ఇప్పుడెన్నిసార్లు గుమ్మం తొక్కినా పాతదే.

అడుగులు ఉయ్యాల వైపు మళ్లాయి.

వెనకనుంచి ఆ అమ్మాయి ఆమెని తోసుకుని దూసుకెళ్లింది. పాపని గుడ్డలతో సహా ఎత్తి గుండెకదుముకుంది. చెప్పులు లేవు, తలుపు వెయ్యలేదు. ఇద్దరూ రోడ్డుమీద పడి, కనబడిన టాక్సీ ఎక్కేదాకా వెనక్కి చూడలేదు. దారిలో ఆమె పాప కాళ్లు తడిమి చూసింది. పొడిగా, వెచ్చగా ఉన్నాయి. అప్పుడు మాత్రం ఆమెకి ఏడుపు ఆగలేదు.

కొత్త ఫ్లాటు తలుపు తీసిన ఆమె భర్త ముగ్గురినీ చూశాడు. పక్క పరిచి, పాలు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుంది. పాప వీపు నిమురుతూనే అడిగింది.

"అక్కా, మీకు ముందే తెలుసు కదూ."

లేదనడానికి ఆమె నోరు తెరిచింది. ఆ అమ్మాయి ముఖంలో కోపం కూడా లేదు. ఉంటే తేలిగ్గా ఉండేది.

"తెలుసు," అంది తలవంచుకుని. "నిన్ననే చెప్పాల్సింది. నా స్వార్థం నేను చూసుకున్నాను. నన్ను ఎన్నయినా అను తల్లీ."

"మిమ్మల్ననడమెందుకు? నేనే ఆవిడ మాట వినాల్సింది."

"ఎవరి మాట?"

"తాళాలిచ్చేటప్పుడు మీ వెనక నిలబడ్డావిడ. బట్టల అంచులు నీళ్లోడుతున్నాయి. మీ ఆడపడుచేమో, స్నానం చేసి వచ్చిందనుకున్నాను. మీరు భయం లేదు, హాయిగా ఉండండి అంటున్నంతసేపూ ఆవిడ మీ భుజం మీదుగా నన్నే చూస్తూ, వద్దు వద్దని తల ఊపుతూనే ఉంది. పాప సంగతి చెప్పగానే ఏడ్చింది కూడా."

ఆమెకి ఆడపడుచు లేదు. నిన్న తాళాలిచ్చినప్పుడు తను గోడకి ఆనుకుని నిలబడి ఉంది, వెనక మనిషి పట్టే చోటే లేదు. ఆ మాటే చెబుదామనుకుంది. ఇన్ని అబద్ధాలయ్యాక, తన నోటినుంచి వచ్చే ఈ నిజాన్ని ఆ అమ్మాయి నమ్ముతుందో లేదో తెలియక ఊరుకుంది.