రేఖ చీర

నీళ్లలో మనిషి మునుగుతుంటే మీ చేతిలో ఏముంటది? సూటిగా చెప్పండి. తాడా? చున్నీయా? ఫోనా?

జవాబు తర్వాత చెప్దురు. ముందు ఈ వానాకాలంలో మాకు జరిగింది వినండి.

జలపాతం చూద్దామని పొద్దున్నే కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కినం. నేను, ఖుష్నుమా, ఎజాజ్. ముగ్గురం ఒకే డిగ్రీ కాలేజీ. వీపున బ్యాగులు, ఎజాజ్ వాళ్లమ్మ కట్టిచ్చిన కీమా రొట్టెలు, కిటికీ సీటు కోసం కొట్లాట. ఎల్లారెడ్డిల ఆటో ఎక్కి, ఊరు దాటినంక దిగి అడవిలోకి నడిచినం. కుళ్లిన ఆకుల వాసన, కాళ్లకింద జారే బురద. జలపాతం కనపడకముందే దాని హోరు వినపడ్డది.

తండా దగ్గర మేకలు కాస్తున్న ఒకామె మమ్మల్ని ఆపింది. పేరు లాలి అట.

"పోండ్రి బిడ్డా, సూడుండ్రి. చీర కట్టిన కాడ ఆగుండ్రి. దాటకుండ్రి."

"చీరేంది అవ్వా?" అన్న.

"నా బిడ్డ రేఖది. పోయినేడు గా మడుగులనే మునిగింది. ఒడ్డు నిండ మంది. అందరు ఫోన్లు పట్టిండ్రు. ఒక్కరు చెయ్యియ్యలే." ఆమె గొంతులో ఏడుపు లేదు. మంట ఉంది. "బోర్డు పెట్టుండ్రని ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి, ఆఖరికి దాని చీరలే కట్టిన."

తాటిచెట్లను మించిన ఎత్తు నుంచి నల్లబండ మీద దూకుతున్నయి నీళ్లు. తుంపర మొహాలకు కొడుతోంది. కింద మడుగు. దాని ముందు రెండు చెట్ల నడుమ ఎర్ర చీర, పచ్చ చీర కలిపి ముడేసి, అడ్డంగా కట్టి ఉన్నయి.

ఎజాజ్ ఫోన్ ఎత్తి చూసిండు. "యార్, ఈ చీరలతో వీడియో ఖరాబైతది."

"ముట్టుకోకు! ఆమె చెప్పింది విన్నవ్ కదా?" అన్న నేను.

"ఇది నువ్వు వాదించే కాలేజీ డిబేట్ స్టేజీ కాదే తల్లీ. జర సేపు. మళ్లీ కడత."

నేను అడ్డంపోయేలోపే ముడులు విప్పి చీరను బండ మీదికి విసిరిండు. ఖుష్నుమా నవ్వుకుంటూ మోకాళ్ల లోతుకు దిగింది. "మంచిగ తియ్ రా, దుబాయ్‌ల ఉన్న మా అక్కకు పంపాలె."

అప్పుడే... హోరు ఆగిపోయింది.

నీళ్లు పడుతూనే ఉన్నయి. చప్పుడు లేదు. పిట్ట కూత లేదు. ఎక్కడినుంచో వాసన... తడిగానే మడిచి పెట్టెలో పెట్టిన గుడ్డ వాసన.

ఖుష్నుమా నవ్వు సగంలో తెగింది. తల మునిగింది. లేచింది. మళ్లీ మునిగింది.

"సూపర్! ఇంకోసారి!" అన్నడు ఎజాజ్.

"యాక్టింగ్ కాదురా! ఫోన్ దించు!" అరిచిన. నా అరుపు అడవంతా తిరిగి నా చెవులకే వచ్చింది. వాడు దించలే.

ఆమెకు అందిద్దామని చీర కోసం ఉరికిన. బండ మీద లేదు. తడి చార ఒకటి ఉంది. మడుగు దాకా పోయింది.

అప్పుడు చూసిన.

చీర మడుగు మీద బిగుసుకుని ఉంది. ఈ కొస ఎజాజ్ విప్పిన చెట్టుకే... లాలి వేసిన అదే ముడితో. ఆ కొస జలపాతం వెనక. నీళ్ల తెర లోపల. అక్కడ ఎవరో గట్టిగా పట్టుకున్నరు.

ఖుష్నుమా చెయ్యి చీరకు అందింది. దాన్ని పట్టుకుని, కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చింది. జబ్బ దొరకబుచ్చుకుని ఒడ్డుకు గుంజిన.

ఎజాజ్ చెవి పక్కన ఒక ఆడపిల్ల గొంతు. చల్లగా. నాకూ వినపడ్డది.

"దించు..."

వాడి చేతిలోంచి ఫోన్ జారి బండ మీద పడ్డది. హోరు తిరిగొచ్చింది. చీర వదులై ఒడ్డుకు తేలింది.

ఖుష్నుమా నా మెడ పట్టుకుని గుసగుసగా అన్నది. "శ్రీలతా... నా కాళ్లు పట్టుకున్నరే."

"ఎవరే?"

"చాలామంది. నీళ్ల లోపల. నవ్వుతున్నరు... ఇంకోసారి, ఇంకోసారి అంటున్నరు."

ఎజాజ్ ఏడ్చుకుంటూ చీరను మళ్లీ రెండు చెట్లకు కట్టిండు. నేను ఓదార్చలే. నాకు జాలి రాలే, ఇంకా రాలే.

కామారెడ్డి వచ్చినంక ఆ ఫోన్‌లో వీడియో చూసినం. అందులో ఖుష్నుమా లేదు. ఫోన్ ఎత్తి పట్టుకున్న ఎజాజే ఉన్నడు. నీళ్లలోంచి, మునుగుతున్న మనిషి కంటికి కనపడినట్టు. వాడి వెనక ఒడ్డు నిండ మంది. అందరి చేతుల్లో ఫోన్లు.

ఆ రోజు అక్కడ మేం ముగ్గురమే ఉన్నం.

మొదటిసారి చూసినప్పుడు వాళ్ల మొహాలు మసక. ఇప్పుడు చూసిన ప్రతిసారీ ఒక్కో మొహం తేటపడుతోంది. ఒకడి మీసం. ఒకామె ముక్కుపుడక...

అందుకే అడుగుతున్న. ఆ మడుగు కాడికి పోతే చీర విప్పకండి. ఎవరు అరిచినా ఫోన్ దించి చెయ్యియ్యండి. పోయినేడు ఆ ఒడ్డున నిలబడి వీడియో తీసినోళ్లు ఇది వింటుంటే, తండాకు పోండి. లాలి ముందు నిలబడి, నేనే అని చెప్పండి.

మీ మొహం పూర్తిగా తేలకముందే పోండి.