నాగరత్నం గారి తనిఖీ

ఐర్లండులోని లిమరిక్‌లో డాక్టరు యుగంధర్ మంచివాడు. గార్డు, అంటే ఇక్కడి పోలీసు, చెయ్యెత్తితే చాలు, కారు ఆగకముందే సారీ చెప్పేంత మంచివాడు. హాస్పిటల్‌కి వెళ్ళే దారి మలుపులో ఒకే గార్డు అతన్ని ఎన్నిసార్లు ఆపి, కారంతా వెతికాడో! పక్కింటి ఐరిష్ ముసలాయన కారుకి ఒక లైటు వెలగదు. ఆయన్ని మాత్రం చెయ్యూపి పంపేస్తాడు. చీకట్లో కూడా రంగు పోల్చుకునే కళ్ళు ఆ గార్డువి.

"వాడి సంగతి నేను చూస్తా" అనేది యుగంధర్ తల్లి నాగరత్నం. చూడకుండానే గుండె ఆగి పోయింది. పోతూ కూడా, ఎదురింట్లో ఉండే నా పులిహోరలో ఉప్పెక్కువైందనే పోయింది.

డిసెంబరులో ఆవిడ అస్థికలు నదిలో కలపడానికి బయల్దేరాం. పద్ధతులన్నీ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు గనక యుగంధర్ నన్నూ ఎక్కించుకున్నాడు.

"పొద్దు గుంకేలోపు కలిపెయ్యాలి బాబూ. రవ్వంత కూడా మిగలకూడదు. మిగిలితే పోయిన మనిషి ఇక్కణ్ణుంచి కదలదు" అని ముందే చెప్పాను.

మలుపు దగ్గర పొగమంచు. తడిగడ్డి వాసన. మా ముందున్న ముసలాయన కారు దాటిపోయింది. మా మీద ఆ గార్డు టార్చి పడింది.

"కారు నీదేనా? డిక్కీ తెరువు."

డిక్కీలో పసుపు గుడ్డ కట్టిన స్టీలు డబ్బా.

"ఏమిటీ పొడి?"

"మా అమ్మ... సర్."

గార్డు నవ్వాడు. చేతి తొడుగు తీసి, వేలు ముంచి, వాసన చూశాడు. సరిపోలేదేమో, నాలుక మీద పెట్టుకున్నాడు.

"మింగకండి సర్... ప్లీజ్..."

మింగాడు.

గాలి ఆగిపోయింది. ఎక్కణ్ణుంచో కాలిన నెయ్యి వాసన. గార్డు టోపీ తీసి లోపల తడిమాడు. తర్వాత జేబులు. కుడిచెయ్యి వెతుకుతుంటే ఎడమచెయ్యి దాన్ని పట్టుకుని ఆపబోయింది... ఆగలేదు. బూట్లు విప్పి దులిపాడు. కళ్ళు మాత్రం మమ్మల్నే బతిమాలుతున్నాయి.

"హెల్ప్..." అన్నాడు.

వెంటనే అదే నోట, తెలుగులో, నాగరత్నం గొంతు.

"ఇంకా లోపలికి."

చెయ్యి నోట్లోకి వెళ్ళింది. వేళ్ళు... అరచెయ్యి... మణికట్టు...

"అమ్మా, వదిలెయ్యవే" గుసగుసగా అన్నాడు యుగంధర్.

గార్డు నోటినిండా చెయ్యే. అయినా మాట వినిపించింది. కడుపులోంచి.

"నువ్వూరుకోరా. వానలో నిన్ను నిలబెట్టిన రోజు వాడు వదిలాడా?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఒకరి విషయం చూడకుండా నేను వదిలేసింది అదొక్కసారే.

తెరిచేసరికి గార్డు మోకాళ్ళ మీద ఉన్నాడు. అరచేతిలో నెత్తురు. అందులో చిన్న బూడిద మచ్చ. యుగంధర్ ముందు నాడి చూసి, అంబులెన్సు పిలిచాడు. తర్వాత ఆ మచ్చని జాగ్రత్తగా తుడిచి డబ్బాలో వేసుకున్నాడు. గార్డుని ఎక్కించుకుని అంబులెన్సు నది వెంబడి ఎగువకి వెళ్ళిపోయాక, మేం దిగువకి కదిలాం.

రేవు చేరేసరికి చీకటి పడింది. డబ్బా బోర్లించి, గుడ్డ కూడా జాడించాం. నేను పూలు వదిలాను. అవి ప్రవాహంతోపాటు సముద్రంవైపు సాగిపోయాయి.

"అయిపోయింది కదా ఆంటీ?"

నేను నీళ్ళకేసి వేలు చూపించాను. బూడిద నీళ్ళమీద సన్నటి తెల్లగీతలా కూడుకుంది. ఏటికి ఎదురు తిరిగి, అంబులెన్సు వెళ్ళిన వైపు పోతోంది... తొందరేమీ లేకుండా.