తమ్ముడి శ్రుతిలో

"నా గొంతు తీసేయండి."

ఎడిటింగ్ గది తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి అన్న మొదటి మాట అదే. చేతిలోని గొడుగు నుంచి నీళ్ళు నా వైర్ల మీద కారుతున్నాయి. అమ్మాయి బాగుందా లేదా అన్నది తర్వాత సంగతి, ముందు షాక్ కొట్టి ఛస్తామేమోనని నా భయం నాది.

"గొంతు తీయడానికి నేనేమైనా కసాయివాణ్ణా మేడమ్? ముందు ఆ గొడుగు బయట పెట్టండి."

"జోకులొద్దు. సౌండ్ చూసేది మీరేగా? ఆదివారం ప్రోగ్రాంలో మా తమ్ముడి పాట వేస్తున్నారు. అందులో వెనకాల నా గొంతుంది. అది ఎవరికీ వినపడకూడదు."

ఆ పాట అప్పటికే నా దగ్గరుంది.

మా టీవీ ఛానెల్ ఆ ఏడు అమరులైన సైనికుల కోసం ఓ కార్యక్రమం తలపెట్టింది. వాళ్ళు ఎప్పుడో సరదాగా ఫోన్లలో పాడుకున్న పాటల్ని ఇళ్ళ నుంచి తెప్పించి, వాటికి రిటైరైన మిలిటరీ బ్యాండు వాళ్ళచేత లైవ్‌లో వాయింపించాలని ప్లాను. ఈ అమ్మాయి తమ్ముడి సామాన్లతో తిరిగొచ్చిన ఫోను వాళ్ళమ్మ పంపించింది. కుర్రాడు గొంతు చించుకుని, శ్రుతీ గితీ పట్టించుకోకుండా ఓ జోలపాట పాడుతుంటాడు. మధ్యలో పక్క గదిలోంచి ఆడగొంతు ఒకటి అరుస్తుంది.

"ఆపరా బాబూ నీ గోల! ఆ గొంతేసుకుని బోర్డర్లో పాడు ఫో, శత్రువులు వాళ్ళంతట వాళ్ళే పారిపోతారు!"

నిజం చెప్పొద్దూ, ఆ అరుపు విన్నప్పుడల్లా పడీపడీ నవ్వాను. ఆ గొంతు గల మనిషి ఎలా ఉంటుందా అని ఊహించుకున్నాను కూడా. తీరా ఆ మనిషి ఎదురుగా నిలబడితే నవ్వు రాలేదు.

"నేను నర్సునండీ. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాను. వాడు బ్యాగు సర్దుకుంటూ మొదలెట్టాడు. ఒళ్ళు మండి అలా అరిచాను. నేను లేచేసరికి వాడు రైలెక్కేశాడు. మళ్ళీ రాలేదు." ఆమె గొడుగు పిడిని రెండు చేతులతో నలుపుతోంది. "వాడితో నేనన్న ఆఖరి మాట అది. బోర్డర్‌కి ఫో అన్నాను. మా అమ్మ అది వినాలా?"

"పంపింది అమ్మగారేగా?"

"అమ్మ వినలేదు. వాడి గొంతు వినే ధైర్యం లేక ఫోను అలాగే ఇచ్చేసింది. నేనే చాటుగా పెట్టుకుని, నా అరుపు రాగానే ఆపేశాను. మీకు దణ్ణం పెడతాను, తీసేయండి."

తీసేస్తానని మాటిచ్చాను.

ఇవ్వడం తేలికే. కానీ అక్క అరుపూ తమ్ముడి పాటా పెనవేసుకుపోయి ఉన్నాయి. ఒకటి గీకితే రెండోది చిరుగుతోంది. ఆమె రోజూ పొద్దున్నే డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్ళతో, ఫ్లాస్కు నిండా టీతో వచ్చి నా పక్కన కూర్చునేది. ఆ వారమంతా వాన వదల్లేదు. గొడుగు మాత్రం బుద్ధిగా బయటే పెట్టేది.

"మీరు నోరు ఆపితే పని తెమిలేలా ఉంది."

"నా నోటికీ చేతులకీ వేరే వేరే కనెక్షన్లండీ."

"అయితే నోటి కనెక్షన్ పీకేయండి, కరెంటు కలిసొస్తుంది."

అని ఫక్కున నవ్వింది. మరుక్షణమే, నవ్వడమేంటి నేను అన్నట్టు తల దించేసుకుంది. కంప్యూటర్ తెర మీద ఆమె నీడను చూస్తూ కూర్చున్నాను. పని ముందుకు సాగితే ఒట్టు.

శుక్రవారం నాటికి నాకో సంగతి తెలిసొచ్చింది. ఎలా చెప్పాలో తెలీక హెడ్‌ఫోన్స్ ఆమె చేతికిచ్చాను.

"మీ అరుపు దగ్గర ఆపకుండా వినండి. ఒక్కసారి."

"నా వల్ల కాదు."

"నేనున్నాగా."

ఆ మాట ఎందుకన్నానో నాకూ తెలీదు. ఆమె నన్ను ఓ క్షణం చూసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అరుపు రాగానే కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత ఏముందో నాకు కంఠతా వచ్చు. కుర్రాడు పగలబడి నవ్వుతాడు. నవ్వీ నవ్వీ, "అక్కా, ఇంకో చరణముంది, వినాల్సిందే!" అని ఇంకా పెద్ద గొంతుతో, కావాలనే ఇంకా ఘోరంగా అందుకుంటాడు.

"నవ్వాడా?" అంది. "నేను చెవుల మీద దిండు పెట్టేసుకున్నానండీ. వాడు నవ్వింది నాకు తెలీనే తెలీదు. అంటే... వాడికి కోపం రాలేదా?"

"కోపమొచ్చినవాడు అలా నవ్వుతాడా? మీ గొంతు తీసేస్తే ఈ నవ్వుకి అర్థం లేదు. ఇదీ తీసేయాలి. మీరు ఊ అనండి, ఇప్పుడే తీసేస్తాను."

బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. డ్యూటీలో ఎందరి ఏడుపులు చూసిన మనిషో, తన ఏడుపు మాత్రం అన్నాళ్ళూ దాచుకున్నట్టుంది. నేను ఫ్లాస్కు మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

"ఉంచేయండి," అంది చివరికి. "అమ్మ ఏమన్నా పడతాను."

రిహార్సల్లో ప్రొడ్యూసర్ ఇంకో పేచీ పెట్టాడు. "కుర్రాడు శ్రుతిలో లేడయ్యా. కంప్యూటర్లో సరిచేసి పారెయ్."

బ్యాండ్ మాస్టర్ కర్ర కాలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు. "వాడి శ్రుతి ముట్టుకోవద్దు సార్. వాడు మన దగ్గరికి రాలేడు. మనమే వాడి దగ్గరికెళ్దాం."

ఆ ముసలివాళ్ళంతా ట్రంపెట్లూ క్లారినెట్లూ లాగి, సర్ది, ఆ కుర్రాడి తప్పు శ్రుతికి తమ వాయిద్యాలు దించుకున్నారు. వాడు జారినచోటల్లా తామూ జారడం నేర్చుకున్నారు.

ఆదివారం. హాల్లో వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కన కూర్చునే ధైర్యం లేక కూతురు నా కంట్రోల్ రూంలోకొచ్చి, అద్దంలోంచి తల్లినే చూస్తోంది. పాట మొదలైంది. అరుపు రాబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఆపరా బాబూ నీ గోల!"

హాలు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. వెంటనే కుర్రాడి నవ్వు. ఆ నవ్వుకి హాలంతా నవ్వేసింది. వాళ్ళమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

చరణం సగంలో రికార్డింగు తెగిపోతుంది. బ్యాండు కూడా సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలో వాళ్ళమ్మ లేచి నిలబడి, స్పీకర్ల వంక చూస్తూ అంది.

"పాడు నాన్నా, ఆపకు. అక్క అలాగే అంటుందిలే."

నా పక్కనున్న మనిషి మెట్లు ఎలా దిగిందో తెలీదు, వెళ్ళి తల్లిని వాటేసుకుంది. యాడ్‌కి వెళ్ళమని ప్రొడ్యూసర్ నా చెవిలో అరుస్తున్నాడు. నేను వెళ్ళలేదు. కళ్ళనిండా నీళ్ళుంటే ఏ బటన్ ఎక్కడుందో ఎవడికి కనపడుతుంది?

ప్రోగ్రాం అయ్యాక బయట మళ్ళీ వాన. తల్లీకూతుళ్ళు టాక్సీ కోసం పోర్టికోలో నిలబడ్డారు. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఈ గడప తొక్కే పని వాళ్ళకి ఉండదు.

"అమ్మగారూ, ఇది సమయం కాదని తెలుసు. మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. తనకి ఇష్టమైతేనే, మీకు ఇష్టమైతేనే..."

కూతురు నా వంక చూడలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. పెద్దావిడ నన్ను చాలాసేపు చూసింది.

"దానికి ఇష్టమేనని ఆ చెయ్యి చూస్తే తెలుస్తోంది," అంది, నా చేతి మీది గోళ్ళ గాట్లు చూపించి. "భయమేస్తే అయినవాళ్ళ చెయ్యే ఇలా పట్టుకుంటుంది అది. నాకూ ఇష్టమే నాయనా. కానీ వాడుంటేనా, బావా బావా అంటూ నిన్ను ఓ ఏడాదైనా ఏడిపించుకు తినేవాడు. ఆ తర్వాతే పిల్లనిచ్చేవాడు. ఇప్పుడు నిన్ను ఏడిపించేవాడే లేకుండా పోయాడే..."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కూతురు ఒక చేత్తో తల్లి భుజం చుట్టి, రెండో చెయ్యి నా చేతిలో పెట్టింది.

"వాడి వంతు కూడా నేనే ఏడిపిస్తాలే అమ్మా," అంది, వెక్కుతూనే.