మెట్టుంది, జాగ్రత్త

థియా లిండ్‌క్విస్ట్ రూబెన్‌ని మొదటిసారి కలిసింది వీపుతో.

తప్పు ఆమెది కాదు. ఎల్డర్‌బ్రూక్ కాలేజీలో టూర్ గైడులు వెనక్కే నడవాలి. కాలేజీ చూడటానికొచ్చిన పిల్లల వైపు, వాళ్ళ అమ్మానాన్నల వైపు మొహం పెట్టి, నవ్వు చెదరకుండా, వెనకేముందో చూడకుండా, కొండ మీది క్యాంపస్ అంతా తిప్పి చూపించాలి. ఎందుకలా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ముందు నుంచీ అంతే. ఆ రోజు థియాకి మొదటి టూరు. లైబ్రరీ గొప్పతనం చెబుతూ, చేతులు రెండూ బార్లా చాపి ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక రూబెన్ పావ్లాక్ డైనింగ్ హాల్ నుంచి టమాటా సూప్ గిన్నె పట్టుకుని వస్తున్నాడు. గిన్నె అతని చేతిలోనే ఉండిపోయింది గానీ సూప్ మాత్రం ఆమె తెల్ల స్వెట్టర్ మీదికి మారింది.

"వెనక్కొచ్చే లారీకైనా హారన్ ఉంటుంది," అన్నాడు రూబెన్.

"ముందుకొచ్చేవాళ్ళకి కళ్ళుంటాయని విన్నాను," అంది థియా, నవ్వు చెదరనివ్వకుండా.

టూరుకొచ్చినవాళ్ళు ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఏడాది పైగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన వ్యవహారమంతా రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. క్యాంపస్ చర్చి ముందు ఒక వదులు మెట్టుంది. దాని పక్కనే ఒక బెంచీ ఉంది. థియా టూరు వచ్చేసరికి రూబెన్ ఎప్పుడూ ఆ బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చుని ఉండేవాడు. ఆమె మడమ మెట్టు దగ్గరికి రాగానే, తల ఎత్తకుండానే, "మెట్టుంది, జాగ్రత్త," అనేవాడు. ఆమె ఉలిక్కిపడ్డట్టు ఆగి, "తెలుసు, థాంక్స్," అనేది. అంతే. ఆ కాస్త దానికే ఆ పూటంతా ఆమెకి ఆకలి వేసేది కాదు. ఇంతకంటే ముందుకి మాత్రం ఇద్దరూ ఒక్క అడుగు వేయలేదు.

ఇలా ఉండగా ఏప్రిల్‌లో, మంచు కరిగి వెర్మాంట్ రాష్ట్రమంతా బురదైన ఒక శుక్రవారం పొద్దున, డైనింగ్ హాల్లో థియా ప్లేటులో గుడ్లు పెట్టించుకుంటుంటే వడ్డించే ఆవిడ ఆమె చెయ్యి నొక్కి, ధైర్యంగా ఉండమ్మా అంది. జ్యూస్ మిషన్ దగ్గర ఖగోళశాస్త్రం ప్రొఫెసర్ భుజం తట్టి వెళ్ళాడు. తనకేమైందో తనకే తెలియక థియా కంగారుపడుతుంటే, రూమ్మేట్ వచ్చి అసలు సంగతి చెప్పింది. రూబెన్ వెళ్ళిపోతున్నాడట. ఇంజనీరింగ్ చదవడానికి ఒక పెద్ద యూనివర్సిటీలో అతనికి సీటొచ్చిందట. చేరతాడో లేదో సోమవారం లోపు వాళ్ళకి చెప్పాలట.

"వెళ్తే వెళ్ళనీ, మధ్యలో నాకేంటి?" అంది థియా. అని, కాఫీలో ఉప్పు కలుపుకుని, తేడా తెలియకుండా తాగేసింది.

టూరు మొదలయ్యే వేళకి చిన్న చినుకు పట్టింది. అడ్మిషన్స్ డీన్ ప్రూయిట్ మేడమ్ గొడుగు కింద నిలబడి థియాకి పాత పాఠం మళ్ళీ అప్పజెప్పింది. సీటొచ్చిన పిల్లలు చేరాలో వద్దో తేల్చుకునే వారం ఇది. ఎవరైనా లోపాలడిగితే నవ్వాలి. ఆ లోపాన్నే ఇస్త్రీ చేసి, గొప్పతనంలా కనపడేట్టు మడతపెట్టి చేతికివ్వాలి. చలి ఎక్కువా అంటే మంచు అందంగా ఉంటుందనాలి. ఊరికి దూరమా అంటే నక్షత్రాలు బాగా కనిపిస్తాయనాలి. ఈ విద్యలో థియాని మించినవాళ్ళు లేరని మేడమ్ నమ్మకం.

ఆ రోజు వచ్చింది ఒక్కటే కుటుంబం. మెయిన్ రాష్ట్రంలో పడవ ఇంజన్లు అమ్మే డ్రిస్కల్ గారు, ఆయన కూతురు కోరా. ఆయన పసుప్పచ్చ రెయిన్‌కోటులో తలుపంత వెడల్పుగా ఉన్నాడు. కోరాకి ఇక్కడా సీటొచ్చింది, ఇంకోచోటా వచ్చింది. ఏ ప్రశ్న వేసినా భుజాలెగరేయడమే ఆ పిల్ల సమాధానం. వాళ్ళ వెనక మూడో మనిషి కూడా ఉన్నాడు. కోటు మీద సందర్శకుల స్టిక్కర్ అంటించుకుని, తనెవరో ఎవరికీ తెలియదన్నట్టు వాన చూస్తున్నాడు.

"నువ్వెందుకొచ్చావ్?" అంది థియా పళ్ళ మధ్య నుంచి.

"ఉండాలో వెళ్ళాలో తేల్చుకోవాలి. ఈ కాలేజీ మంచిచెడ్డలు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవంట కదా," అన్నాడు రూబెన్.

థియా గొంతు సవరించుకుని వెనక్కి నడక మొదలుపెట్టింది. పదిమంది అప్లికేషన్ పెడితే ఒక్కరికి సీటిచ్చే కాలేజీ అని గర్వంగా చెప్పింది. ఆ ఒక్కరు సెలవులకి ఇంటికెళ్తే పేరెప్పుడూ వినలేదే, మీది వంటల కాలేజీయా అని మేనమామ అడుగుతాడని వెనక నుంచి రూబెన్ అందించాడు. క్లాసులో పదిమందే ఉంటారు, ప్రొఫెసర్లకి ప్రతి ఒక్కరి పేరూ తెలుసంది థియా. అందుకే క్లాసు ఎగ్గొట్టడానికి వీల్లేదు, ఎగ్గొడితే ప్రొఫెసర్ మన హాస్టల్ గదికే వచ్చేస్తాడన్నాడు రూబెన్.

"జ్వరమేమోనని సూప్ తీసుకుని వస్తారు," అంది థియా.

"దాంతోపాటు హోంవర్క్ కూడా. ఇక్కడ సూప్ ఎవరి చేతిలో ఉన్నా భయపడాలండీ," అని రూబెన్ డ్రిస్కల్ గారికి చెప్పాడు.

కోరా మొదటిసారి నవ్వింది. థియాకి ఒళ్ళు మండింది. కాలేజీ మొత్తానికి ఒకటే డైనింగ్ హాల్ కాబట్టి అందరూ ఒక కుటుంబంలా ఉంటారని గొంతు పెంచింది. ఎవరితోనైనా తగువొస్తే మూడు పూటలా వాళ్ళ మొహం చూస్తూ తినాలని ఆ కుటుంబ సభ్యుడు ఒకడు చెప్పాడు. ఒకే ఏడాదిలో తత్వశాస్త్రం, నక్షత్రాలు, కుండలు చేయడం అన్నీ నేర్చుకోవచ్చని ఆమె అంది.

"వంతెన కట్టడం మాత్రం నేర్చుకోలేం," అన్నాడు రూబెన్. ఆ మాటలో ఆటపట్టించడం లేదు. నెబ్రాస్కాలో వాళ్ళ ఊరి నది మీద వంతెన ఏటా వరదకి మూతపడుతుంది. దాన్ని మళ్ళీ కట్టాలని అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ సంగతి థియాకి తెలుసు. డైనింగ్ హాల్ ఒకటే కాబట్టి అందరికీ తెలుసు. దీన్ని ఇస్త్రీ చేసి మడతపెట్టడం ఆమె వల్ల కాదు.

అప్పటిదాకా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్న డ్రిస్కల్ గారు నోరు విప్పాడు. "చూడమ్మాయ్, నేను ఇంజన్ అమ్మేటప్పుడు ముందు దాని జబ్బేంటో చెప్తాను. చలికి మొరాయిస్తుందా, నూనె తాగుతుందా, అన్నీ చెప్తాను. అప్పుడే కొనేవాడికి నా మీద గురి కుదురుతుంది. ఆ అబ్బాయి చెప్పేవి సరదా జబ్బులు. నువ్వు ఇక్కడే ఉంటున్నావుగా. నీకు నిజంగా బాధనిపించేది ఒకటి చెప్పు."

థియా ఆలోచనలో పడింది. నక్షత్రాలు గుర్తు రాలేదు, మంచు అందం గుర్తు రాలేదు. ఖాళీగా ఉండబోయే బెంచీ ఒక్కటే గుర్తొచ్చింది. కాళ్ళు వాటి పాటికి అవి వెనక్కి నడుస్తున్నాయి. చర్చి దాకా వచ్చేశారు. రూబెన్ వెనక నుంచి "మెట్టు..." అనబోయాడు. అనేలోపే థియా మడమ లేచి, వదులు రాయిని తప్పించి, పక్క రాయి మీద ఒడుపుగా వాలి, పైకెక్కేసింది.

అందరికంటే ముందు నోరు తెరిచి నిలబడిపోయింది రూబెన్.

"నీకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?" అంది థియా. ఉలిక్కిపడటం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"ఏ రాయి వదులో కూడా తెలుసు. ఏడాది నుంచీ నేను చెప్పేదాకా తెలియనట్టు నటించావా?"

"మరి నువ్వు జనవరిలో, మంచు కురుస్తుంటే, ఈ బెంచీ మీద ఏం చేస్తున్నావ్?"

"చదువుకుంటున్నాను."

"అంత లావు గ్లవ్స్‌తో ఒక్క పేజీ అయినా తిప్పావా?"

రూబెన్ చెవులు టమాటా సూప్ రంగుకి తిరిగాయి.

డ్రిస్కల్ గారు చిన్నగా దగ్గాడు. ఆయన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. థియా ఆయన వైపు తిరిగింది. డీన్ మేడమ్ గొడుగు కొంచెం వెనకగా వస్తోందని తెలిసి కూడా మాట ఆపలేదు.

"ఇది మరీ చిన్న కాలేజీ అండీ. అదే దీని జబ్బు. పెద్ద యూనివర్సిటీలో ఒకడు వెళ్ళిపోతే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇక్కడ ఒక్కడు వెళ్ళిపోతే బెంచీ ఖాళీ అవుతుంది, దారి ఖాళీ అవుతుంది, రేపట్నుంచి నేనీ మెట్టెక్కాలంటే ఏడుపొస్తుంది. మీ అమ్మాయిని ఇక్కడ చేర్చేముందు అది ఆలోచించుకోండి."

థియా చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకుంది. రూబెన్ ఇంటి దారి మర్చిపోయినవాడిలా ఆ బెంచీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఇంకో దారి కూడా ఉంది," అన్నాడు. "ఇంకో ఏడాది ఉండి ఇక్కడ మూడేళ్ళు పూర్తి చేసి, ఆఖరి రెండేళ్ళు అక్కడ ఇంజనీరింగ్ చేయొచ్చు. రెండు డిగ్రీలూ వస్తాయి. ఎవరైనా ఉండమంటే అలా చేద్దామనుకున్నాను."

"ఎవరైనా అంటే?"

"టూరులో వెనక్కి నడిచేవాళ్ళు ఎవరైనా."

"అక్కడ వెనక్కి నడిచే గైడులు చాలామంది ఉంటారుగా?"

"వాళ్ళకి మెట్లు నిజంగా తెలియవేమో. పడిపోతే నాకు భయం."

థియా నవ్వింది. టూరు కోసం దాచుకున్న నవ్వు కాదది, ముక్కు కూడా ముడుచుకునే నవ్వు. ఉండు అంది. ఒక్క ఏడాదైనా ఉండు, తర్వాత నీ వంతెన దగ్గరికి నేనే సాగనంపుతాను అంది. ఉంటాను అన్నాడు రూబెన్.

ఇక ప్రూయిట్ మేడమ్ వంతు వచ్చింది. డీన్ ముందు కాలేజీకి జబ్బుందని చెప్పినందుకు తన పని ఊడినట్టేనని థియా సిద్ధపడిపోయింది. మేడమ్ గొడుగు మడిచి ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది.

"అసలు టూరు దారిలో చర్చే లేదు, థియా. నువ్వే చుట్టు తిప్పి ఇటు తీసుకొస్తున్నావని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఈ మెట్టు బాగు చేస్తానని మేస్త్రీ ఎన్నిసార్లు వచ్చాడో తెలుసా? పాపం ఆ పిల్లాడికి అనడానికి ఇంకో మాట లేదు, ఉండనివ్వవయ్యా అని పంపించేస్తూ వచ్చాను. వచ్చినవాళ్ళు జారకుండా కాపలాకి నేను వెనకే రావాల్సి వచ్చింది. మీ ఇద్దరికి తప్ప ఈ కొండ మీద అందరికీ తెలుసమ్మా. ఇంక నా మోకాళ్ళు ఊరుకోవు, రేపే బాగు చేయిస్తాను."

డ్రిస్కల్ గారు వదులు రాయిని బూటుతో ఒకసారి కదిపి చూశాడు. ఇంజన్ చూసినట్టే శ్రద్ధగా చూశాడు. జబ్బు దాచకుండా చెప్పారు కాబట్టి నాకు నచ్చింది, ఇక నీ ఇష్టం అన్నట్టు కూతురి వైపు తిరిగాడు.

కోరా ఈసారి భుజాలెగరేయలేదు. ఖాళీ బెంచీని చూసింది, మెట్టుని చూసింది, డీన్ మేడమ్‌ని చూసింది.

"నేను చేరతాను. నేనొచ్చేదాకా ఆ మెట్టు బాగు చేయించకుండా ఉంటారా?" అని అడిగింది.

టూరులో ఇంకా సగం మిగిలే ఉంది. దాన్ని మేడమ్ తన మీద వేసుకుని, తండ్రీకూతుళ్ళని గొడుగు కిందికి చేర్చుకుని, ఏమాత్రం సిగ్గుపడకుండా ముందుకే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. థియా, రూబెన్ డైనింగ్ హాల్ వైపు కదిలారు. అతని ముందు వెనక్కి తప్ప ఎప్పుడూ నడవని థియా, అతని చెయ్యి పట్టుకుని మొదటిసారి ముందుకు నడిచింది. పది అడుగులైనా వేయకముందే, రాయీ రప్పా లేని చదును నేల మీద కాలు తడబడి అతని భుజం మీదికి పడింది.

"మెట్టుంది, జాగ్రత్త," అన్నాడు రూబెన్.

"ఇక్కడ మెట్టు లేదు."

"తెలుసు, థాంక్స్," అని, అతను ఆ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.