సగం డోసు బేరం

ఇప్పటికీ రింగ్ రోడ్డు మార్కెట్ల మీద వాన మొదలైతే చాలు, శివకృష్ణకు 2021 నాటి వానాకాలం గుర్తొస్తుంది. ఆ రోజులే వేరు. మూతికి మాస్కు, జేబులో శానిటైజరు, పక్కవాడు దగ్గితే ఆమడ దూరం. మనుషుల్ని కళ్లను బట్టే గుర్తుపట్టాల్సిన కాలం. ఆ కాలంలోనే అతను ఒక అమ్మాయి మీద నోరు పారేసుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ ఒక్కసారే వస్తాయి.

అతని బాపు రాజలింగం గుజరాతీల గడ్డకు వలసొచ్చి ముప్పై ఏళ్లుగా లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ వానాకాలంలో నడుము పట్టేసి, కాళ్లు తిమ్మిరెక్కి మంచం దిగలేకపోయాడు. వెన్నులో గడ్డేమైనా ఉందేమోనని డాక్టరు ఎమ్మారై రాశాడు. బొమ్మ స్పష్టంగా పడేందుకు నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీయమన్నాడు. చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్‌గా ఉన్న శివకృష్ణ సేఠ్‌ను బతిమాలి సెలవు తీసుకుని, తండ్రిని ఆటోలో స్కాన్ సెంటరుకు తెచ్చాడు.

అక్కడి టెక్నీషియన్ అమ్మాయి కిడ్నీ జబ్బేమైనా ఉందా అని గుజరాతీలో అడిగింది. తండ్రి నోరు తెరిచేలోపే శివకృష్ణ లేదనేశాడు.

ఆమె చూపు రాజలింగం పాదాల మీద ఆగింది. బాగా వాచి ఉన్నాయి. బట్టలు మార్పించాలని ఆయన్ను లోపలికి తీసుకెళ్లింది. "నా నడుము విరిగిందిరో దేవుడా!" అని ఆయన మూలగడం, "మీరు మనోళ్లేనా బాపూ?" అని ఆమె అడగడం బయటికి వినిపించాయి. తర్వాత గొంతులు తగ్గిపోయాయి.

కాసేపటికి ఆమె ఒక్కతే బయటికొచ్చింది. "ముందుగాల రక్తం టెస్ట్ చేపిచ్చుకొని రండి. కిడ్నీలు ఎట్లున్నయో తెల్వకుంట కాంట్రాస్ట్ ఎయ్యం."

"ఏంది మేడం, మనోళ్లయి ఉండి గిట్ల తిప్పుతరా? బాపుకు కిడ్నీలు మంచిగనే ఉన్నయంటున్న గదా!"

"కిడ్నీలు బాగ కమ్జోర్ ఉంటే ఆ మందు ఒంట్లకెళ్లి జల్ది బయటికి పోదు. శానా తక్కువ మందికే అయితది గని, అయితే మాత్రం తోలు గట్టివడి వేళ్లు ముడుసుకపోతయి. సాంచాల మీద బతికిన మనిషికి చేతులు పోతే ఇంకేముంటది?"

శివకృష్ణకు దుకాణం అలవాటు ఎక్కడికి పోతుంది? "సరే, అంత భయమైతే సగం డోసు వెయ్యండి," అన్నాడు.

"ఇది చీరల బేరం కాదు."

అంతే, అతనికి ఒళ్లు మండింది. "టెస్టుల కమీషన్ కోసమే ఈ నాటకాలన్నీ!" అని అరిచాడు. హాలంతా ఇటు తిరిగింది. మాస్కు పైన ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. అయినా "టెస్ట్ చేపిచ్చుకొని రండి," అంది మళ్లీ.

లోపలి తలుపు తెరుచుకుంది. రాజలింగం గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పిల్లనేమనకురా! నా కిడ్నీలు ఖరాబై రెండేండ్లయితుంది."

శివకృష్ణ గబగబా వెళ్లి తండ్రి రెక్క పట్టుకున్నాడు.

"నడుము నొప్పికి గోళీలు మింగి మింగి గిట్లయిందన్నడు అప్పుడు చూసిన డాక్టరు. నీకేమో సంబంధాలు చూస్తుంటిమి. కిడ్నీల బీమారున్న ఇంటికి పిల్లనెవరిస్తరురా? అందుకే దాసిన. నీకు చెప్పద్దని ఈ బిడ్డ చేతులు పట్టుకున్న. డాక్టరుకైతే చెప్పక తప్పదు, కొడుక్కు మీరే చెప్పుకోండి అన్నది. నాకిచ్చిన మాట నిలవెట్టనీకే నీ తిట్లన్ని పడ్డది."

రక్తపరీక్షలో కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని తేలింది. డాక్టరు కాంట్రాస్ట్ వద్దని ఉత్త స్కాన్ తీయించాడు. గడ్డ లేదు, గిడ్డ లేదు, డిస్కు జారిందంతే. మర్నాడే కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాడు. గండం గడిచింది.

స్కాన్ అయిన సాయంత్రమే శివకృష్ణ జోరువానలో స్కాన్ సెంటరు గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె డ్యూటీ దిగి గొడుగు విప్పింది. పేరు సుమన అని అప్పటికే బాపును అడిగి తెలుసుకున్నాడు.

"సుమన గారూ, సారీ చెప్పనీకొచ్చిన."

"సగం సారీయా, మొత్తమా?"

పడిపోయాడు పిల్లవాడు! ముఖమైనా చూడకుండానే పడిపోయాడు. చాయ్ బండి దగ్గర ఆమె మొదటిసారి మాస్కు దించినప్పుడు కప్పులో చాయ్ చల్లారిపోయింది, మనవాడు తాగితేగా! ఆ తర్వాత బాపు రిపోర్టుల సాకుతో ఎన్ని ఫోన్లు, ఎన్ని వానలు! అవన్నీ ఎంత తొందరగా గడిచిపోయాయో.

మరుసటేడు పిల్లను అడగడానికి తండ్రీకొడుకులు బయల్దేరారు. సుమనకు తండ్రి లేడు. పెత్తనమంతా నాయనమ్మ బాలవ్వది. రాజలింగం జబ్బు సంగతి సుమన ఇంట్లో చెప్పలేదు. పేషెంటు మాట బయటపెట్టనంది.

"అడిగితే ఏం చెప్పాల్రా?" అన్నాడు రాజలింగం ఆటోలో.

ఏదో ఒకటి చెప్పి దాటెయ్యమని శివకృష్ణ నాలుక చివరిదాకా వచ్చింది. సుమన లేని బతుకు ఊహకే అందలేదు. అయినా, "ఉన్నదే చెప్పు బాపూ. ఏదైతే అదైతది," అన్నాడు.

బాలవ్వ అడగనే అడిగింది. "మీ ఇంట్ల బీమార్లు గిట్ల ఏమన్న ఉన్నయా?"

రాజలింగం గొంతు సవరించుకున్నాడు. "నా కిడ్నీలు ఖరాబున్నయి అవ్వా. మందుల మీద నడుస్తున్న. ఇది మీకు తెల్వాలె."

శివకృష్ణ తల దించుకున్నాడు.

"నా కొడుకు గూడ దాసిండు," అంది బాలవ్వ. "మొదటి కరోనాల జరమొస్తే, చెప్తే పట్టుకపోతరని, పని పోతదని మూడు దినాలు అట్లనే సాంచాల మీద నిలవడ్డడు. చెప్పుంటే బతికేటోడు కావచ్చు." కొంగుతో కళ్లొత్తుకుంది. "రోగం లేని ఇల్లు నేనేడ తేవాలె అయ్యా? చెప్పుకునే ఇల్లు దొరికింది, గది సాలు. ఏమే సుమనా, నువ్వేమంటవ్?"

తలుపు పక్కనున్న సుమన సిగ్గుపడుతూనే జవాబిచ్చింది.

"మామకు ఉప్పు తగ్గిచ్చి వండుడు నాకొస్తది, నాయనమ్మా."